దోచుకున్నది బ్రిటనా, బ్రిటన్‌లో కొందరా?

మా ఇల్లు మొఘల్‌పురాలో, చార్మినార్‌కి నడిచిపోయేంత దూరం. మొన్న సెలవుల్లో ఇల్లెందు నుంచి తాతయ్య వచ్చాడు. సింగరేణి బాయిలో ముప్పై ఏళ్లు చేసి రిటైరైన మనిషి. చాయ్ తాగుతుంటే మా చిన్నాన్న కొడుకు ఎప్పటి పాటే ఎత్తుకున్నాడు: "బ్రిటన్ మొత్తం మన సొమ్ముతోనే బతికింది తాతా, అక్కడ ప్రతోడూ మనల్ని తిన్నోడే."

తాతయ్య గ్లాసు కింద పెట్టి, "ప్రతోడా? ఆడ బాయిల దిగినోడు గూడనా?" అన్నాడు.

వాడి దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. అందుకే కాలేజీకి రాగానే తాతయ్య పనిచేసిన బాయి సంగతే చదివాను.

ఇల్లెందు దగ్గర బొగ్గును 1871లో విలియం కింగ్ కనిపెట్టాడు. 1886లో వాట్సన్, స్టీవర్ట్ అనే ఇద్దరు నిజాం ప్రభుత్వం నుంచి గనుల హక్కు సంపాదించి, లండన్‌లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ పెట్టించారు. మూలధనం పది లక్షల పౌండ్లు, అంటే పది పౌండ్ల షేర్లు లక్ష. అందులో 85 వేల షేర్లు డబ్బు పూర్తిగా చెల్లించినట్టు రాసి, హక్కు తెచ్చిన వాళ్లకే ఇచ్చేశారు. స్టార్టప్ క్లబ్ మిత్రులారా, మనం ఏం పిచ్ చేస్తున్నాం చెప్పండి! ఆ షేర్లు మార్కెట్లో అమ్ముడుపోయాయి. నిజాం ప్రభుత్వం కూడా కొన్నది. కొనిపెట్టిన అధికారి అబ్దుల్ హక్‌కి ఆ అమ్మకాల్లోనే వాటా ఉందని తేలి గొడవైంది. 1888లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ వేసి విచారించింది.

ఇక్కడ లాభపడింది 'బ్రిటన్' కాదు, షేర్లు ఊరికే పుట్టించుకున్న గుప్పెడు మంది. ఆశపడి ఎక్కువ ధరకి కొన్న లండన్ గుమస్తా, మన ఖజానా, ఇద్దరూ మోసపోయిన వరసలోనే ఉన్నారు.

రైలు కథా అంతే. 1883లో లండన్‌లో పెట్టిన నిజాం రైల్వే కంపెనీకి పేరులోనే గ్యారంటీ ఉంది: ఇరవై ఏళ్లపాటు 5 శాతం రాబడికి నిజాం ఖజానా పూచీ. రైలు నిండినా, ఖాళీగా తిరిగినా వాటాదారుకి చింత లేదు. అలాంటి చోటు దొరికినవాడు తన ఊరి ఫ్యాక్టరీలో కొత్త మిషన్ మీద ఎందుకు పెడతాడు? ఈ రైలు స్కీమ్ వివరాలు జనానికి చెప్పాలని అడిగిన వాళ్లలో సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ ఒకరు. అదే ఏడు మే నెలలో ఆయన్ని ఊరి నుంచే పంపేశారు. అడిగినందుకు!

1902లోనే హాబ్సన్ అనే ఇంగ్లీషాయన సామ్రాజ్యం వల్ల బాగుపడేది పెట్టుబడిదారులే, దేశం కాదని రాశాడు. తర్వాత డేవిస్, హటెన్‌బాక్ అనే ఇద్దరు 1860 నుంచి 1912 దాకా లెక్కలు తీసి, లాభం పైవర్గం మదుపరులకి, రక్షణ ఖర్చు మాత్రం మధ్యతరగతి పన్నులకి పడిందన్నారు.

ఇక్కడే నాకో పేచీ ఉంది. ఇలాంటి మాట దొరకగానే కొందరు "చూశారా, వలస పాలన వాళ్లకే నష్టం" అని మనకి క్లాస్ పీకుతారు. వాళ్ల పన్నుదారుకి మిగల్లేదంటే మనకి పోలేదని కాదు కదా! భారత సైన్యం ఖర్చు భారతదేశపు పన్నులే మోశాయి. దోపిడీ నిజం. పంపకం అందరికీ జరగలేదు, అంతే. నా దృష్టిలో అది దోపిడీని తగ్గించదు, ఇంకా సిగ్గుచేటు చేస్తుంది.

రాత్రి ఫోన్‌లో తాతయ్యకి ఇదంతా చెప్పాను. 85 వేల షేర్ల దగ్గర ఆపి మళ్లీ చెప్పమన్నాడు. చెప్పాను.

"మరి తవ్వినోళ్లకి ఎన్ని షేర్లిచ్చిండ్రు?" అన్నాడు.