బొమ్మల దండు
బొమ్మలతో సైన్యాన్ని కూర్చడం బాలక్రీడ అని పలువురి అభిప్రాయం. అది సరికాదు. ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్స్ 1913లో బొమ్మ సైనికుల యుద్ధక్రీడకు నియమాలు కూర్చి ఒక గ్రంథమే వెలువరించాడు. చతురంగబలాలను పలకపై నిలిపిన ఆట అంతకు ఎంతో ముందే మన దేశంలో పుట్టింది.

పత్తి, మిరప చేలు పరచుకొన్న పలనాటిలో నాగులేటి ఒడ్డున కారెంపూడి ఉంది. 12వ శతాబ్దపు పలనాటి యుద్ధానికి అదే రణరంగం. నేటికీ అక్కడ కార్తీక అమావాస్య మొదలు ఐదు రోజులు వీరుల ఉత్సవాలు జరుగుతాయి. వీరుల ఆయుధాలు పూజలందుకొంటాయి. ఆ సేనలను బొమ్మలుగా మలచదలచిన విద్యార్థికి కొండపల్లి పద్ధతి చాలు. తేలికైన తెల్లపొణికి కర్రను చెక్కి, చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో అవయవాలను అతికి, సున్నం పూసి, రంగులు దిద్దుతారు.

చిక్కంతా కుంచె పట్టినప్పుడే. శ్రీనాథుని పేర వెలసిన పలనాటి వీరచరిత్ర యుద్ధానంతరం రెండు శతాబ్దాలకు పైగా గడచిన పిమ్మట పుట్టిన కావ్యం. అందలి వేషాన్ని 1182 ప్రాంతపు భటునికి తొడగడం కావ్యాభిమానమే గాని చరిత్ర కాదు. 1213 నాటి రామప్పగుడి శిల్పాలు కాలానికి మరింత సమీపం. సినిమా కిరీటాల మాట చెప్పనే అక్కరలేదు!

రంగుకంటె వరుస ముఖ్యం. చాపకూడు పెట్టిన బ్రహ్మనాయుని సేనకు, లోకం అంటరానివాడన్న కన్నమదాసు సేనాని. అతనిని వెనుక నిలిపినవాడు ఆ కథను చదవనట్లే. నాగమ్మకు క్రూరముఖం దిద్దడమూ తగదు. గురజాల భటుల కనుబొమలకూ మాచర్ల భటులకు వాడిన సన్నని కుంచెనే వాడాలి.