పరదేశికి తెఱచిన తలుపు

2025వ సంవత్సరము ఆగస్టు మాసమున ఒకనాటి సాయంకాలము మన పాఠశాల పూర్వవిద్యార్థి యొకని తల్లిదండ్రులు కోరుట్ల నుండి జగిత్యాలకు నన్ను వెదకికొనుచు వచ్చిరి. వారి కుమారునికి ఐర్లండు దేశపు రాజధానియైన డబ్లిను నగరమున ఉన్నత విద్యకు స్థానము దొరకినది. రుసుము చెల్లించిరి, విమానపు టిక్కెట్టు కొనిరి. అంతలో ఆ నగరపు శివారున టాలా అను ప్రాంతమునందు జూలై మాసమున ఒక భారతీయుని కొందఱు దుండగులు కొట్టి, బట్టలూడ్చి, నెత్తురోడునట్లు విడిచిపోయిరను వార్త పత్రికలలో వచ్చెను. అక్కడి భారత రాయబార కార్యాలయమువారు మనవారు జాగ్రత్తగా నుండవలెనని ఆగస్టు మొదటి తేదీన ప్రకటించిరి. తండ్రి యేమియు మాటాడలేదు. తల్లి మాత్రము, "సారూ, పంపుమంటరా, వద్దంటరా?" అని యడిగెను.

నేను పంపుడని చెప్పితిని. చెప్పితినిగాని ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. ఆ దాడి జరిగిన కొలది దినములకే టాలా జనులు వందలకొలదిగా వీధులలోనికి వచ్చి, ఈ దుష్కార్యము మాది కాదని చాటుచు నడచిరను వార్తయు నేను చదివియుంటిని. ఏ యూరనైనను కొట్టువారు నలుగురుందురు. కొట్టినవారిని చూచి సిగ్గుపడి వీధిలోనికి వచ్చువారు వందమంది యున్నారా, లేదా యనునదే ఆ యూరికి గుఱుతు. ఈ లెక్క మీదనే నేను ధైర్యము చెప్పితిని.

బాలుడు వెళ్లెను. మాసము గడచిన పిమ్మట నాకు దీర్ఘమైన లేఖ వ్రాసెను. అందలి ముఖ్యాంశములను మన విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును తెలుపుట మేలని తలంచి ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

డబ్లినులో దిగినప్పుడు చినుకులు పడుచుండెనట. బస్సు దిగవలసిన చోటు దాటిపోయి, రెండు పెట్టెలతో దారి తెలియక నిలిచియుండగా ఒక ముసలమ్మ అడుగకయే దగ్గరకు వచ్చి, వాన తుంపరలో నడచి, వసతిగృహపు ద్వారము దాక దిగవిడిచి పోయెనట. ఆమె తన పేరు చెప్పలేదు. ఇతని కులగోత్రములును అడుగలేదు. బస్సు దిగు ప్రతివాడును తోలువానికి కృతజ్ఞత చెప్పుచుండుట చూచి ఇతడు మొదట ఆశ్చర్యపడి, తరువాత తానును అట్లే చెప్ప నేర్చుకొనెను. ఒక యింటివారు తేనీరు త్రాగుమనగా మన యలవాటు చొప్పున వద్దనెను. వారు మరల మరల బలవంతపెట్టి మూడవమాఱు ఇచ్చిననే విడిచిరట. "సారూ, మొహమాటము మన కొక్కరికే సొంతమనుకొంటిని, వీరికిని గలదు" అని వ్రాసెను. ఆ దేశపు భాషలో 'కేద్ మీల ఫాల్చ' యను పలుకు గలదు. నూఱు వేల స్వాగతములని దాని యర్థము.

వసతిగృహము మాత్రము అతనికి కొంత కష్టముగ తోచినది. ఒక గదిలో అంతస్తుల మంచములు. ఎనిమిది దేశముల యువకులు. పళ్లెము తెచ్చి ముందు పెట్టువారు లేరు. ఉమ్మడి వంటయింట ఎవరి వంట వారే చేసికొని, ఎవరి గిన్నె వారే తోమి, పొయ్యి తుడిచి పోవలెను. చల్లనిపెట్టెలో ఎవరి పాలసీసా మీద వారి పేరు వ్రాసి యుంచవలెను. మొదటి దినమున ఇతడు తిన్న పళ్లెమును అట్లే విడిచి వెళ్లగా, బ్రెజిలు దేశపు యువకుడొకడు నవ్వుచు పిలిచి గోడమీది నియమములను చూపెనట. ఇంటిలో చెంబెడు నీళ్లు ముంచుకొని యెఱుగని పిల్లవాడు ఆనాడు గిన్నె తోమెను. తల్లికి ఈ సంగతి చదివి వినిపించగా ఆమె కన్నీళ్లతో నవ్వెను.

ఇట్టి వసతిగృహములను లోకమునకు ఇచ్చినవాడు ఒక బడిపంతులని మన విద్యార్థులు తెలిసికొనవలెను. జర్మనీ దేశమున రిచర్డ్ షిర్మన్ అను ఉపాధ్యాయుడు 1909వ సంవత్సరము ఆగస్టులో తన శిష్యులతో కాలినడకన యాత్ర చేయుచుండగా గాలివాన పట్టుకొనెను. వారు ఒక పల్లెటూరి బడిలో తలదాచుకొనిరి. సెలవు దినములలో ఊరూర బడులు ఖాళీగా నుండును గదా, నడచి లోకము చూడగోరు పేదపిల్లలకు అవి పడుకొను తావులు ఏల కాకూడదు, అను ఆలోచన ఆ రాత్రి ఆయనకు పుట్టెను. 1912లో ఆల్టెనా కోటలో మొదటి యువజన వసతిగృహము వెలసెను. 1931లో ఐర్లండునందు 'అన్ ఓయిగె' యను సంఘము ఈ పనిని చేపట్టెను.

ఐర్లండువారికి ఆతిథ్యము క్రొత్తది కాదు. వారి ప్రాచీన ధర్మశాస్త్రమునందు 'బ్రియుగు' అను ఒక పదవి గలదు. రాజమార్గము ప్రక్క ఇల్లు కట్టుకొని, పొయ్యిమీది కాగును ఎండనీయక, వచ్చిన యే ముఖమును త్రిప్పి పంపక యుండుటయే ఆ పదవికి ధర్మము. అట్టివానికి సంఘమున గొప్ప గౌరవ ముండెను. మఱియు 1845 మొదలుకొని కొన్ని యేండ్లు అక్కడ బంగాళాదుంప పంట కుళ్లి ఘోరమైన కఱవు వచ్చినప్పుడు ఇంచుమించు పది లక్షలమంది మరణించిరి. మఱి పది లక్షలమంది ఓడలెక్కి పరదేశములకు పోయిరి. తాత పరదేశియై తిరిగిన యింట మనుమనికి పరదేశి మీద కనికరము కలుగుట న్యాయము.

మనవాడు ఐర్లండుకు పోయిన మొదటి తెలుగువాడు కాడు. వరాహగిరి వేంకటగిరిగారు బరంపురమున 1894లో జన్మించి, 1913లో న్యాయశాస్త్రము చదువుటకు డబ్లిను చేరిరి. అక్కడి యూనివర్సిటీ కళాశాలలో వారికి ఆంగ్లము బోధించినవారిలో కవియైన థామస్ మక్‌డోనా గారొకరు. అర్థశాస్త్రము చెప్పినవారు సహకారోద్యమమున ప్రసిద్ధులైన ఫిన్లే యను క్రైస్తవ గురువు. ఆ గురువులు ఈ తెలుగు యువకునికి తమ విద్యను దాచుకొనక యిచ్చిరి. 1916 ఈస్టరు దినములలో స్వాతంత్ర్యమునకై తిరుగుబాటు జరిగెను. మే 3వ తేదీన మక్‌డోనా గారిని ప్రభుత్వమువారు కాల్చి చంపిరి. గిరిగారికి జూన్ 1వ తేదీన ఒక నోటీసు వచ్చెను: జూలై 1వ తేదీలోగా దేశము విడువవలెను! అదే జూన్ 21వ తేదీన వారు న్యాయవాదిగ పట్టా పొందిరి. ఒకే మాసమున ఒక చేయి ఆదరించినది, మఱియొక చేయి గెంటినది. గెంటినది నాటి సామ్రాజ్య ప్రభుత్వము, ఆదరించినవారు గురువులు. గిరిగారు స్వదేశమునకు వచ్చి రైల్వే కార్మికుల పక్షమున నిలిచి, తుదకు 1969లో భారత రాష్ట్రపతి యైరి.

ఆ ఋణమును మన తెలుగుదేశము మఱియొక రీతిని తీర్చుకొన్నది. ఐర్లండు దంపతులైన జేమ్స్ కజిన్స్, మార్గరెట్ కజిన్స్ గారలు 1915లో భారతదేశమునకు వచ్చిరి. కజిన్స్ గారు మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు అధ్యక్షులైరి. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు గారు అక్కడ వారి యతిథిగ నుండి 'జనగణమన' పాడి వినిపించగా, మార్గరెట్ గారు ఆ రాగమునకు స్వరలిపి వ్రాసిరి. మనము దినదినము ప్రార్థన వేళ పాడు గీతమునకు ఒక ఐరిష్ స్త్రీ చేయి తగిలినది. పరదేశికి తలుపు తెఱచిన యిల్లు నష్టపోదనుటకు ఇంతకంటె నిదర్శన మేల?

ఇక మన సంగతి విచారింతము. మనము అతిథిని దేవుడందుము. వేములవాడ, ధర్మపురి, కొండగట్టు యాత్రలకు పోవువారికి సత్రములు గట్టించినాము. ఇంటికి చుట్టము వచ్చిన కోడిని కోయుదుము. ఇదంతయు నిజమే. కాని నా చిన్న యనుభవము నొకదానిని చెప్పనిండు. ఉపాధ్యాయ శిక్షణకై నేను ఒక పట్టణమునకు పోయినప్పుడు అద్దెగదికై పదునొకండు ఇండ్లు తిరిగితిని. ప్రతి యింటను మొదట మంచినీళ్లిచ్చిరి, కూర్చుండుమనిరి, పిమ్మట, "మీరు ఏమిటోళ్లు?" అని యడిగిరి. నేను క్రైస్తవుడనని చెప్పగానే గది మొన్ననే యెవరికో మాట యిచ్చితిమనిరి. పండ్రెండవ యింట ఒక వితంతువు, "వానకు తడిసినవు, ముందు లోపలికి రా బిడ్డా" అనెను. రెండేండ్లు అక్కడనే యుంటిని. పదునొకండు ఇండ్లలోను మర్యాద యుండెను. ఆతిథ్యము పండ్రెండవ యింటనే దొరకినది.

చుట్టమునకు చేయు మర్యాద ఒక విధమైన బదులు. రేపు మనమును వారి యింటికి పోదుము. ఊరు పేరు తెలియనివానికి, తిరిగి యేమియు ఇయ్యలేనివానికి చేయునదే ఆతిథ్యము. లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841–1909) గోదావరి దాటి వచ్చు బాటసారులకు వేళగాని వేళనైనను, ఏ కులమని యడుగక అన్నము పెట్టిరి. ఆమెను మనము అన్నపూర్ణ యని కొనియాడుచున్నాము. కొనియాడుట సులభము. సిరిసిల్లలో మగ్గముల మీద పని వెదకికొనుచు, ఇటుక బట్టీలకును బియ్యపు మిల్లులకును ఒడిషా, బీహారుల నుండి మన జిల్లాలకు వచ్చువారికి మనలో ఎందఱు ఇల్లు అద్దెకిత్తురు? జగిత్యాల, కోరుట్లలలో గల్ఫు సొమ్ముతో కట్టిన మేడ లెన్నియో గలవు. దుబాయి గదులలో అంతస్తుల మంచముల మీద పడుకొని కూడబెట్టిన ధనమది. ఆ మేడల తలుపుల మీద "మావాళ్లకే అద్దెకు" అను మాట కనబడరాదు గదా!

"ఎవడో తెలియనివానిని ఎట్లు నమ్ముదుము? దొంగ యైన?" అని కొందఱందురు. న్యాయమైన ప్రశ్నయే. దీనికి ఉత్తరము వసతిగృహమే యిచ్చుచున్నది. అక్కడ గుర్తింపుపత్రము చూపవలెను, పుస్తకములో పేరు వ్రాయవలెను, వేళ తప్పరాదు, గిన్నె తోమవలెను. ఈ నియమములు డబ్లినువానికొకటి, కోరుట్లవానికొకటి కావు. అందఱికి సమానమైన నియమము అనుమానము కాదు. కులమడిగి పంపుటయే అనుమానము. మంచి సమరయుని ఉపమానము మీ రెఱుగుదురు. గాయపడినవానిని ఆయన పూటకూళ్ల యింటికి చేర్చి రెండు దేనారము లిచ్చెను. జాలి ఒక్కటియే చాలినయెడల పూటకూళ్ల యింటితో పని యేమి? జాలి గుండెలో పుట్టును. అది మఱునాటికి నిలుచుటకు ఒక యిల్లు, ఒక నియమము, ఒక కాపరి కావలెను.

పిమ్మటి లేఖలలో మన బాలుడు కష్టములను సైతము దాచలేదు. డబ్లినులో గదులు దొరకుట దుర్లభము. అద్దెలు మిక్కిలి హెచ్చు. రాత్రివేళ ఒంటరిగ నడచుటకు కొన్ని వీధులలో భయమగునట. మొదటి చూపున కనబడినదే దేశమంతయు కాదని అతడు తెలిసికొన్నాడు. అయినను వానలో నడచి వచ్చిన ఆ ముసలమ్మను మఱువలేకున్నాడు.

ప్రియ విద్యార్థులారా! జూన్ మాసమున మన వసతిగృహమునకు ట్రంకుపెట్టె మోసికొని క్రొత్త పిల్లవాడు వచ్చును. మొదటి రాత్రి వాడు దుప్పటిలో ముఖము దాచుకొని యేడ్చును. ఆ రాత్రి వాని ప్రక్కకు పోయి, వాడెవరివాడని యడుగక, బావి యెక్కడనో, భోజనపు గంట యెప్పుడో చెప్పుడు. పళ్లెము ఎట్లు తోమవలెనో చూపుడు. తల్లిదండ్రులారా! మీ యింట ఖాళీగది యున్నయెడల అడుగు మొదటి ప్రశ్నను మార్చుడు. "ఏమిటోళ్లు?" అనుటకు ముందు "తడిసినవా?" అని యడుగుడు. మీ బిడ్డ యే దూరదేశమున ఏ ద్వారము ముందు నిలిచియున్నాడో మీకు తెలియదు.