మెనూ పెద్దల చేతికి అందాలి

పెళ్లి వీడియోకి ఇంట్లోనే డీవీడీ మెనూ చేసుకునేవారు సాఫ్ట్‌వేర్‌ను టెంప్లేట్ల సంఖ్య చూసి కాదు, రిమోట్ పట్టుకునే పెద్దవాళ్లను తలుచుకుని ఎంచుకోవాలి. నా ఓటు డీవీడీస్టైలర్‌కే. ఉచితం, ఓపెన్ సోర్స్, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది. మన ఫొటోనే వెనక పరిచి ‘తలంబ్రాలు’, ‘అప్పగింతలు’ అని పెద్ద బటన్లు పెట్టుకోవచ్చు. బాణం మీట నొక్కితే ఏ బటన్ నుంచి ఏ బటన్‌కి వెళ్లాలో కూడా మనమే నిర్ణయించొచ్చు. ప్రాజెక్టు మొదట్లోనే వీడియో ఫార్మాట్‌గా ఇక్కడి టీవీలకు పాల్, అమెరికా బంధువులకు ఎన్‌టీఎస్‌సీ ఎంచుకోండి. 4.7 జీబీ డిస్క్‌లో ఐదారు గంటలు కుక్కితే బొమ్మ మసకబారుతుంది. ముందు డిస్క్ నకలుగా ఐఎస్‌ఓ ఫైలు చేసి, కంప్యూటర్‌లో వీఎల్‌సీ ప్లేయర్‌తో తెరిచి ప్రతి బటనూ నొక్కి చూశాకే డిస్క్ రాయండి. హంగుల కన్నా ఈ పరీక్షే ముఖ్యం.