గోడ దగ్గర మనిషి మారతాడు

ఉత్తర ఐర్లండ్‌లో బెల్‌ఫాస్ట్ అనే పట్నముంది. ఫాల్స్ రోడ్డు కేథలిక్కులది, షాంకిల్ రోడ్డు ప్రొటెస్టెంట్లది, మధ్యన గోడ. గోడంటే ఏంటో వాడలో పుట్టిన మనకి ఒకరు చెప్పక్కర్లేదు. మనకది ఇటుకల్లో కనపడదు, అంతే.

ఆ ఊరు చూడొచ్చినవాళ్ళని అక్కడి మనుషులే నడిపించి చూపిస్తుంటారు. అందులో ఒక నడక వేరు. ఫాల్స్ వీధుల్లో తిప్పేది, బ్రిటన్ పాలన పోవాలని తుపాకి పట్టి జైలుకి పోయొచ్చినవాడు. గోడ దాకా వచ్చి ఆగిపోతాడు. బ్రిటన్ ఉండాల్సిందేనని తుపాకి పట్టి జైలుకి పోయొచ్చిన మనిషి అవతల నుంచి వచ్చి జనాన్ని అందుకుంటాడు. ఎవరి వీధి కథ వాళ్ళదే.

అందరూ ఏసుని కొలిచేవాళ్ళే కదా, తగువెందుకని అడుగుతారు మనోళ్ళు. తగువు దేవుడి గురించి కాదు. ఆ గడ్డ ఎవరి ఏలుబడిలో ఉండాలన్నది ఒకటి, పని, ఇల్లు, ఓటు ఇంకొకటి. టైటానిక్ కట్టిన ఓడల యార్డులోంచి 1920లో కేథలిక్ కూలీలని తన్ని తరిమారు. స్థానిక ఎన్నికల్లో ఇంటిపన్ను కట్టే ఇంటివాళ్ళకే ఓటు. ఇళ్ళు పంచేది కౌన్సిలు. కౌన్సిలు ఇల్లివ్వకపోతే ఓటూ లేనట్టే! అమెరికా నల్లవాళ్ళ పోరాటం చూసి 1967లో పౌరహక్కుల సంఘం పెట్టుకున్నారు, ఊరేగింపులు తీశారు, లాఠీలు తిన్నారు. 1969 ఆగస్టులో బాంబే స్ట్రీట్ (మన బొంబాయి పేరే) తగలబడింది. తర్వాత నెలలో సైన్యం కొద్దిరోజులకేనంటూ వేసిన ముళ్ళకంచె గోడయి కూర్చుంది. 1998 ఒప్పందం నాటికి సుమారు మూడున్నర వేల ప్రాణాలు పోయాయి.

బస్సు మైకులో ఎవడో చదివే పాఠం కన్నా ఆ నడకే మేలంటాం. ఎవరి బాధ వాళ్ళ నోట వినాలి. కానీ ఒక మాట అడగాలి. చెప్పేది తుపాకి పట్టినవాళ్ళు. ఆ తుపాకులకి కొడుకుని పోగొట్టుకున్న తల్లి మాట ఆ నడకలో ఏపాటి వినపడుద్ది? రెండు రోడ్లూ కూలోళ్ళవే, మిల్లుల్లో ఒళ్ళరిగినోళ్ళవే. చూడొచ్చినవాళ్ళు గోడ మీద పేర్లు గీకి హోటలుకి పోతారు. చీకటి పడ్డాక గేట్లు మూస్తారు.

2023 నాటికి గోడలన్నీ తీసేస్తామని అక్కడి ప్రభుత్వం 2013లో మాటిచ్చింది. ఆ గడువు దాటింది, గోడలు ఉన్నాయి. బాంబే స్ట్రీట్ ఇళ్ళ వెనక రాళ్ళు పడకుండా ఇనుప వలలు కట్టుకుని ఉంటున్నారు. గోడ తీసేటప్పుడు ముందు అడగాల్సింది ఆ పెరళ్ళ వాళ్ళనే.