వారాలు చేసుకొని చదివిన తరానికి

మొన్న ఒక సభలో నావంటి విశ్రాంతోపాధ్యాయులొకరు, "మేము వారాలు చేసుకొని చదివాం, ఇప్పటి పిల్లలకు ఒక పూట తప్పితే కళ్ళు తిరుగుతాయట!" అని నవ్వారు. సభికులూ నవ్వారు. పులిహోర పొట్లాలు అప్పటికే పంచారు. ఆనాడు మర్యాదకు మౌనం వహించాను. అందుకే ఈ టపా.

అయ్యా, వారాలు చేసుకోవడమంటే పస్తులుండడం కాదు. సోమవారం కరణంగారిల్లు, మంగళవారం ప్లీడరుగారిల్లు - ఏడు రోజులకు ఏడు విస్తళ్ళు ముందే కుదుర్చుకోవడం. మా నాన్నగారు అలాగే చదివారు. (ఆ విస్తళ్ళు ఏ కులాల పిల్లలకు పరచేవారో, ఎవరిని గడప దాటనిచ్చేవారు కాదో ఆ సభలో ఎవరూ ఎత్తలేదు.) తిండి లేక చదివిన ఘనత కాదది, పెట్టేవారుండగా చదివిన భాగ్యం.

నేను పదవీ విరమణ చేసిన ఏడు ఎనిమిదో తరగతిలో ఉన్న పిల్లవాడొకడు 2025లో డిగ్రీ మొదటి సంవత్సరంలో చేరాడు. తొలి బస్సుకు పట్నం వెళ్తాడు. హాస్టలు సీటు తేలలేదు, ఉపకారవేతనం పడలేదు. ఛందస్సులో సందేహం అడగవచ్చాడు. మజ్జిగన్నం తినమంటే "తిన్నాను మాస్టారూ" అన్నాడు. ఏం తిన్నావురా అంటే తలవంచుకున్నాడు. ఉదయం నుంచి ఒక బన్ను, టీ. కొత్తవాడు, అప్పు అడగడానికైనా స్నేహితులు కుదరలేదు.

వీడు బడిలో ఉన్నన్నాళ్ళూ మధ్యాహ్నం అన్నం తిన్నాడు. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో వండిన అన్నం పెట్టమన్నది. 2013 నాటి ఆహార భద్రతా చట్టం ఆ హక్కును ఎనిమిదో తరగతితో, పద్నాలుగేళ్ళతో ఆపింది. తొమ్మిది, పది తరగతుల భారం రాష్ట్రం ఎత్తుకొన్నది. 2025 జనవరి 4న ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ జూనియర్ కళాశాలలకు డొక్కా సీతమ్మగారి పేరిట భోజనం మొదలైంది. అప్పటికి వీడు ఇంటరు రెండో సంవత్సరం చివరలో ఉన్నాడు. రెండు నెలలు తిన్నాడేమో! డిగ్రీలో చేరేసరికి పళ్ళెం పోయింది. పద్నాలుగేళ్ళకు ఆగే ఆకలిని ఏ శాసనకర్త చూశాడో నాకు తెలియదు.

లంకల గన్నవరంలో సీతమ్మగారు ఆకలితో వచ్చినవాణ్ణి "నీదే తరగతి?" అని అడిగి వడ్డించలేదు. ఆమె పేరు పెట్టుకొన్నవారు ఇంటరు దగ్గర గరిటె ఎందుకు దింపారు?

ఖర్చంటారా? మా పట్నంలో జూనియర్ కళాశాలకూ డిగ్రీ కళాశాలకూ మధ్య ఉన్నది ఒకే గోడ. మధ్యాహ్నం ఒంటిగంటకు సాంబారు వాసన దాన్ని రోజూ దాటుతూనే ఉంది. గిన్నెలను కూడా దాటించండి.