మందుల చీటీకీ మందుకీ నడుమ

కొద్దికాలం క్రితం న్యూజెర్సీలో మా అబ్బాయి ఇంట ఉన్నప్పుడు, ఆ దగ్గరలోని ఒక చిన్న మందుల దుకాణంలో సాయంత్రాలు కూర్చునేవాణ్ణి. దాని యజమాని మన తెలుగువాడే. గుంటూరు ప్రాంతంలో బి.ఫార్మసీ చదివి, అక్కడి అర్హతా పరీక్షలు నెగ్గి, పదిహేనేళ్ళకు పైగా అదే వీధిలో దుకాణం నడుపుతున్నాడు. (2003 నుండి పట్టభద్రులయ్యే విదేశీయులకు అయిదేళ్ళ ఫార్మసీ చదువు ఉండాలన్న నియమం వచ్చింది. మన నాలుగేళ్ళ డిగ్రీతో ఆ దారిన వెళ్ళగలిగిన చివరి తరం వారిలో ఇతడొకడు.)

ఒకనాడు పాఠశాల క్యాంటీన్‌లో పనిచేసే ఒకామె చీటీ తెచ్చింది. మూత్రంలో ఇన్ఫెక్షన్‌కు ఎవరో వైద్యులు మనకు సెప్ట్రాన్ అన్న పేరుతో తెలిసిన మందు రాశారు. ఆమె గుండెలో కృత్రిమ కవాటం ఉంది. రక్తం గడ్డకట్టకుండా రోజూ వార్ఫరిన్ వేసుకుంటుంది. ఈ రెండు మందులు కలిస్తే వార్ఫరిన్ ప్రభావం ప్రమాదకరంగా పెరిగి, లోలోపల రక్తస్రావం కావచ్చు. కంప్యూటర్ హెచ్చరిక చూపింది, నిజమే. అయితే ఆ హెచ్చరికలు రోజుకు వందల కొద్దీ వస్తాయి. అందులో ఏది ప్రాణం మీదికి తెచ్చేదో గుర్తించి, వైద్యునికి ఫోను చేసి, వేరే మందు రాయించింది మాత్రం ఈ మనిషే. ప్రభుత్వాసుపత్రులలో పనిచేసిన నాకు అటువంటి ఫార్మసిస్టు విలువ ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

రెండు వారాలకు ఆమె ఒక ఉత్తరంతో వచ్చింది. ఇకపై దీర్ఘకాలిక మందులన్నీ మూడు నెలలకొకసారి తపాలా ద్వారానే తెప్పించుకోవాలట. కాదని ఈ దుకాణంలో కొంటే పూర్తి ధర ఆమే చెల్లించుకోవాలి. ఆ ఉత్తరం రాసినది ఆమె బీమాలో మందుల భాగాన్ని నిర్వహించే కంపెనీ. ఆ తపాలా ఫార్మసీ కూడా ఆ కంపెనీదే!

ఇటువంటి కంపెనీలను అమెరికాలో ఫార్మసీ బెనిఫిట్ మేనేజర్లు అంటారు, పొట్టిగా పీబీఎం. 1960లలో బీమా క్లెయిముల లెక్కలు చూసే గుమాస్తా పనితో ఇవి మొదలయ్యాయి. నేడు ఏ మందుకు బీమా వర్తించాలో, తయారీదారు ఎంత రిబేటు ఇవ్వాలో, రోగి ఎంత కట్టాలో, ఏ దుకాణానికి ఎంత ముట్టాలో అన్నీ ఇవే నిర్ణయిస్తున్నాయి. సీవీఎస్ కేర్‌మార్క్, ఎక్స్‌ప్రెస్ స్క్రిప్ట్స్, ఆప్టమ్ ఆర్ఎక్స్ అనే మూడింటి చేతుల మీదుగానే ఆ దేశపు మందుల చీటీలలో సుమారు 80 శాతం నడుస్తాయి. దుకాణాల గొలుసు అయిన సీవీఎస్ 2007లో కేర్‌మార్క్‌ను, 2018లో ఏట్నా బీమా కంపెనీని కొన్నది. అదే 2018లో సిగ్నా బీమా సంస్థ ఎక్స్‌ప్రెస్ స్క్రిప్ట్స్‌ను కొన్నది. ఆప్టమ్ యునైటెడ్‌హెల్త్‌ది. అంటే బీమా, బేరం, దుకాణం మూడూ ఒకే గొడుగు కింద ఉన్నాయన్నమాట.

మన దేశంలో ధరల నియంత్రణ కిందికి వచ్చే మందులపై చిల్లర వర్తకుని లాభం 16 శాతంగా లెక్కగట్టి ఉంటుంది. తనకేమి మిగులుతుందో మన ఊరి మెడికల్ షాపు వానికి అమ్మక ముందే తెలుసు. ఈ న్యూజెర్సీ యజమాని తెర మీద నాకొక లెక్క చూపించాడు. ఒక బ్రాండ్ మందుకు అతనికి వచ్చినది తాను కొన్న ధరకన్నా తక్కువ. ‘ఇవ్వనంటే రోగి ఎక్కడికి పోతాడు డాక్టరుగారూ?’ అన్నాడు. ఒప్పందంలో బేరమాడే అవకాశమే లేదు. సంతకం పెట్టకపోతే వీధిలో సగం మంది రోగులు చేజారుతారు. వృద్ధుల మెడికేర్ పథకంలోనైతే, అమ్మిన నెలల తరువాత రుసుముల పేరుతో డబ్బు వెనక్కు లాగేవారు. 2024 జనవరి 1 నుండి ఆ కోతలను అమ్మిన సమయంలోనే లెక్కలో చూపాలని నియమం వచ్చింది. ఆ ఏడాది మొదటి నెలలలో పాత బకాయిల కోత, కొత్త తక్కువ ధర రెండూ ఒకేసారి మీద పడి చిన్న దుకాణాలు విలవిలలాడాయి.

దుకాణానికి తక్కువిచ్చి, ఖర్చు భరించే వారి వద్ద ఎక్కువ వసూలు చేయడం మరొక పద్ధతి. ఒహాయో రాష్ట్రపు ఆడిటర్ 2018లో లెక్క తేలిస్తే, పేదల వైద్య పథకంలో ఒక్క ఏడాదిలో ఆ తేడా 22.48 కోట్ల డాలర్లు. ఇక 2025 జనవరిలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నివేదిక మరింత నిష్ఠురమైన సంగతి చెప్పింది. క్యాన్సర్, హెచ్‌ఐవీ వంటి జబ్బుల జనరిక్ మందులపై, ఆ మూడు పీబీఎంల సొంత ఫార్మసీలు 2017 నుండి 2022 వరకు అంచనా కొనుగోలు ధరకు మించి 730 కోట్ల డాలర్లకు పైగా రాబట్టాయి. జనరిక్ మందులు ఎన్నో మన హైదరాబాదు పరిసరాలలోనే తయారై అక్కడికి వెళ్తాయి. ఇక్కడి కార్మికుడు చవకగా చేసి పంపినది అక్కడి రోగికి చవకగా చేరడం లేదు.

పీబీఎంల వాదన వినకుండా తీర్పు చెప్పరాదు. బలమైన మందుల కంపెనీలతో బేరమాడాలంటే కోట్లమంది తరఫున మాట్లాడే పెద్ద గొంతు కావాలంటారు. అది నేనూ ఒప్పుకుంటాను. చిన్న దుకాణాలు మూతపడటానికి అదొక్కటే కారణమనీ అనను. కాని తయారీదారుతో బేరమాడటం వేరు, తన పోటీదారుకు ఎంత ఇవ్వాలో తానే నిర్ణయించడం వేరు. తూనికరాయి చేతిలో ఉన్నవాడే పక్క అంగడి యజమాని కూడా అయితే ఆ తూకాన్ని నమ్మేదెవరు? ఈ రెండు వ్యాపారాలు ఒకే చేతిలో ఉండరాదన్నది నా నిశ్చితాభిప్రాయం. ఆర్కన్సా రాష్ట్రం 2025లో సరిగ్గా ఆ చట్టమే చేసింది. అది అమలులోకి రాకముందే జూలైలో ఫెడరల్ న్యాయమూర్తి నిలిపివేశారు. అంతకు ముందు, దుకాణాలకు కొనుగోలు ధరైనా దక్కాలన్న ఆ రాష్ట్రపు మరొక చట్టాన్ని అక్కడి సుప్రీంకోర్టు 2020లో ఏకగ్రీవంగా నిలబెట్టింది. కనుక దారి పూర్తిగా మూసుకుపోలేదు.

అక్కడున్న మీ పిల్లలకు రెండు సంగతులు చెప్పండి. బీమా లేకుండా నేరుగా కొంటే ధర ఎంతో ఫార్మసిస్టును అడగమనండి. కొన్ని మందులకు అదే తక్కువ పడుతుంది. ఆ మాట రోగికి చెప్పకుండా ఫార్మసిస్టు నోరు కట్టే షరతులను 2018లోనే చట్టం నిషేధించింది. రెండవది, తపాలాలో వచ్చే మందులను కూడా ఒక కాగితం మీద రాసుకుని, దగ్గరలోని ఫార్మసిస్టుకు చూపమనండి.

ఆ క్యాంటీన్ ఆమె అదే పని చేసింది. తపాలాలో వచ్చిన మొదటి సీసా పట్టుకుని మళ్ళీ ఈ దుకాణానికే వచ్చింది. అక్కడ వార్ఫరిన్ మాత్ర రంగు మోతాదును బట్టి మారుతుంది. వచ్చినది తన మోతాదేనా అని ఆమె సందేహం. అతడు మాత్రలు చూసి, సరిపోల్చి, కిందటి ఐఎన్‌ఆర్ పరీక్ష ఎప్పుడు చేయించుకున్నదో అడిగి రాసుకున్నాడు. ఆమె వెళ్ళాక, దీనికి నీకేమైనా ముడుతుందా అని అడిగాను. లేదండీ అని నవ్వి, తరువాతి మనిషి చీటీ అందుకున్నాడు.