దారి పక్కన మరమ్మతు

గత రెండు సంచికలలో పంపు బేరింగులను గూర్చి ముచ్చటించాము. మా ఇంటి ఇల్లాలితో సహా కొందరు పాఠకులు "కర్మాగారం గోడ దాటి బయటకు రారా?" అని ఆక్షేపించారు. సబబైన మాటే. ఈ మాసం రోడ్డు మీదికి వెళదాం.

ఈత, సైకిలు, పరుగు ఈ మూడింటినీ మధ్యలో విశ్రాంతి లేకుండా వరుసగా పూర్తి చేసే పందేన్ని ట్రయాథ్లాన్ అంటారు. అందులో అతి కఠినమైన రూపం 1978 ఫిబ్రవరిలో హవాయి దీవులలోని ఓఆహూలో పుట్టింది. 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిలు, ఆపైన 42.2 కిలోమీటర్ల పరుగు. మొదటి ఏడు బయలుదేరినవారు పదిహేను మంది, గమ్యం చేరినవారు పన్నెండుగురు. ఇందులో సగం దూరపు పందెం మన దేశానికి 2019 అక్టోబరులో గోవాలో వచ్చింది.

చూసేవారి కన్ను ఈతగాడి మీదా, పరుగు వీరుడి మీదా ఉంటుంది. మా బోటి వారి కన్ను సైకిలు మీదనే నిలుస్తుంది. కాలు బెణికితే మనిషి కుంటుతూనైనా సాగుతాడు; గొలుసు తెగితే సైకిలు అంగుళమైనా కదలదు. అయినా దారిన పోయే దానయ్య వచ్చి సాయపడితే ఒప్పుకోరు. ఎవరి పంక్చరు వారే వేసుకోవాలి. చేయి కలపగలవాడు నిర్వాహకులు పంపిన సంచార మెకానిక్కు ఒక్కడే. అతడు మొదటివాడికీ చివరివాడికీ ఒకే తీరున సాయం చేయాలి. ఆ సమయంలో గడియారం మాత్రం ఆగదు.

ఈ కట్టుబాటు వెనుక పాత కథ ఒకటున్నది. 1913 ఫ్రాన్సు సైకిలు యాత్రలో యూజీన్ క్రిస్టోఫ్ అనే పోటీదారు టూర్మలే కొండ దిగుతుండగా ముందు ఫోర్కు విరిగింది. ఆయన బండిని భుజాన వేసుకొని మైళ్ళ దూరం నడిచి, ఒక పల్లెలో కమ్మరి కొలిమి పట్టి, గంటల తరబడి శ్రమించి తానే అతికించుకున్నాడు. న్యాయనిర్ణేతలు పక్కనే నిలబడి చూశారు. కొలిమితిత్తి ఊదడానికి ఒక బాలుడు సాయపడ్డాడన్న నేరానికి ఆయనకు కాలదండన విధించారు! అందరికీ సమంగా సేవ చేసే మెకానిక్కుల కార్లు 1970లలో గాని సైకిలు పందేలలో స్థిరపడలేదు.

మేము ఉద్యోగరీత్యా పోర్టు బ్లెయిరులో (2024 నుండి శ్రీ విజయపురం) ఉన్న రోజుల సంగతి ఇక చెబుతాము. సముద్రం దాటి వెళ్ళినా అక్కడ తెలుగు మాట కరవు కాదు. 2011 జనగణన ప్రకారం ఆ దీవుల జనాభాలో నూటికి పదముగ్గురు తెలుగువారు. సైకిలు కీర్తికీ లోటు లేదు. 2004 సునామీలో చెట్టును పట్టుకొని బ్రతికిన కార్ నికోబార్ బాలిక డెబోరా హెరాల్డ్ దేశానికి పేరు తెచ్చిన ట్రాక్ సైక్లిస్టు అయింది. ఆ దీవులవాడే ఈసో ఆల్బెన్, 2018లో స్విట్జర్లాండులోని ఏగల్‌లో జూనియర్ ప్రపంచ పోటీలలో రజతం గెలిచాడు. వారి ట్రాకు బండ్లకు గేర్లు ఉండవు, బ్రేకులూ ఉండవు, చెడేవి తక్కువ. రోడ్డు బండి అలా కాదు.

2023 ఫిబ్రవరిలో ఇరవై మంది మిత్రులు తమలో తాము సగం దూరపు పందెం పెట్టుకున్నారు. చిడియాటాపు దారిలో రెండుసార్లు పోయి రావడం సైకిలు ఘట్టం, మొత్తం 90 కిలోమీటర్లు. ఈతా సైకిలూ కలిపి అయిదున్నర గంటలలో ముగియాలి. లేకుంటే పరుగు లెక్కలోకి రాదు. మరమ్మతు భారం మా మీదా, మా విభాగపు టెక్నీషియన్ మిత్రుడి మీదా పడింది. ఆ మలుపుల దారిలో జీపు అడ్డమని, మోటారు సైకిలుకు రెండు పెట్టెలు తగిలించుకున్నాము.

ద్వీపంలో మెకానిక్కు పని నెల ముందే మొదలవుతుంది. చెన్నై, విశాఖ 1200 కిలోమీటర్ల దూరం. ఓడలో వచ్చే సరుకుకు మూడు రోజులు తక్కువ కాదు. బజారులో దొరికే ట్యూబు పనికిరాదు. పందెపు చక్రం వాల్వు కాడ మందం 6 మిల్లీమీటర్లే, మామూలు ట్యూబు కాడ ఆ రంధ్రంలో దూరదు. పైగా ఉప్పుగాలి. ఇనుప ఫ్రేములోని అల్యూమినియం సీటు గొట్టం ఏడాది కదపకపోతే, లోహాల మధ్య రసాయన క్రియ జరిగి వెల్డింగు చేసినట్టు బిగుసుకుంటుంది.

మొదటి గంటలో అదృష్టం మాదే. ఒక కుర్రవాడి బండి పడి, గేరు మార్చే పరికరం వేలాడే చిన్న అల్యూమినియం కొక్కెం విరిగింది. ఫ్రేము చెడకుండా ముందు తానే విరగడానికి పెట్టిన భాగమది, మన ఫ్యూజు వంటిది. ఒక్కో కంపెనీది ఒక్కో ఆకారం, మా వద్ద సరిపోయేది లేదు. ఆ పరికరాన్నే తీసేసి, గొలుసు కత్తిరించి, నడిమి పళ్ళచక్రానికి సూటిగా బిగించాము. ఒకే గేరుతో అతడు తక్కిన 50 కిలోమీటర్లూ తొక్కేశాడు. మాకు కొంత గర్వం కలిగిన మాట నిజం.

ఆ గర్వం ఎంతోసేపు నిలవలేదు. 65వ కిలోమీటరు వద్ద ఒక అమ్మాయి చక్రం ఊడదీసుకొని నిలబడి ఉంది. శ్రీకాకుళం నుండి వలస వచ్చిన కుటుంబం, అక్కడే పుట్టి పెరిగింది. "బాబాయి గారూ, రెండోసారి. నా ట్యూబు అయిపోయింది" అన్నది. ఆమె రిమ్ము లోతు 50 మిల్లీమీటర్లు. మా చేతిలో మిగిలిన ట్యూబుల కాడ పొడవు 48. పొడవు కాడ ట్యూబు ఒకటే ఉండేది. అరగంట క్రితం దానిని లోతు లేని రిమ్ముగల వేరొకరికి చేతికి అందిందని ఇచ్చేశాము. కాడను పొడిగించే గొట్టాలు ఉన్నవి, కాని బయలుదేరిన చోటనే మరచిన చిన్న డబ్బాలో.

ఇక పాత పద్ధతే శరణ్యం. టైరు లోపల వేలితో తడిమితే గవ్వ ముక్క గుచ్చుకొని ఉంది. మొదటి పంక్చరూ దాని పనే; అప్పుడామె ట్యూబు మార్చింది గాని ముల్లు తీయలేదు. గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషను పూసి, ఆరేదాకా ఆగాము. తడి ఆరకముందే ప్యాచీ అంటిస్తే నిలవదు, తొందరపడి లాభం లేదు. ఆ అయిదు నిమిషాలూ ఆమె మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అదే మాకు కష్టమనిపించింది. మొత్తం పదిహేడు నిమిషాలు పట్టింది. సరైన ట్యూబుంటే నాలుగు చాలును.

ఆమె తొమ్మిది నిమిషాలు ఆలస్యంగా చేరింది. తప్పు మెకానిక్కులది గనుక పదమూడు నిమిషాలు తగ్గించమని మేమే వాదించాము. "వద్దండీ బాబాయి గారూ. నాకొక్కదానికీ తగ్గిస్తే మిగతావాళ్ళకి ఏం చెబుతారు?" అని బూట్లు వేసుకొని, లెక్కలోకి రాని 21 కిలోమీటర్లూ పరుగెత్తి వచ్చింది.

మరునాడు పెట్టె మూతకు లోపలివైపు ఒక కాగితం అంటించాము. పందేనికి ముందునాటి సాయంత్రమే ప్రతి బండినీ చూసి రిమ్ము లోతు, గేర్ల సంఖ్య వ్రాసుకోవాలి. పొడవు కాడ ట్యూబు లోతు రిమ్ముకే. పొడిగింపు గొట్టాలు రెండు పెట్టెలలోనూ ఉండాలి. ఆదివారం ఆ అమ్మాయి చిల్లిపడ్డ మొదటి ట్యూబు తెచ్చి మా వరండాలో కూర్చొని ప్యాచీ వేయడం నేర్చుకుంది. గోటితో ఎంత పీకినా ఊడి రాలేదు.

వచ్చే సంచికలో గొలుసు అరుగుదల కొలిచే విధం చెబుతాము. పన్నెండు అంగుళాల ఉక్కు స్కేలు ఒకటి సిద్ధం చేసుకోండి.